కథల్లో అక్కాతమ్ముళ్లు

మనోళ్లు రాసే కథల్లో అక్క ఎప్పుడూ త్యాగమూర్తే. మన ఇళ్లల్ల నిజంగా అట్లనే ఉంటదా?

ఎండాకాలం తునికాకు కట్టలు కట్టేటప్పుడు చూడండి. కట్టకు 50 ఆకులు ఉండాలె. తమ్ముడు 48 పెట్టి ముడేస్తడు. అక్క తిట్టుకుంటనే తన ఆకులు రెండు కలుపుతది, కల్లంలో కట్టను పక్కన పెట్టకుండా. తిట్టు, ప్రేమ రెండూ ఆ చేతిలోనే ఉన్నయ్.

నేను ఆశ్రమ పాఠశాలకు పోయేందుకు మా అక్క బడి మానేసింది. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. సెలవులకు పోతే మాత్రం "సారొచ్చిండు, మంచం వాల్చండి" అంటది. అందులో ప్రేమెంతో, కోపమెంతో నాకిప్పటికీ తెల్వదు.

కథలోనూ ఆ రెంటినీ విడదీయకండి. అక్కకూ ఒక కోరిక, కొంచెం అసూయ ఉండనివ్వండి. అప్పుడే ఆమె మన అక్కలా ఉంటది.