పంచమి నాడు పెళ్ళి

"పుష్య బహుళ పంచమికి ముహూర్తం ఉంటుందా అత్తా?"

మా మేనకోడలు ఫోను చేసి అడిగిన మొదటి మాట అది. ఆ తిథి పేరు చెవిన పడగానే నాకు కావేరి ఒడ్డు కళ్ళకు కట్టింది. త్యాగరాజ ఆరాధనకి తిరువయ్యారు వెళ్ళడం నాకు పాతికేళ్ళ అలవాటు. మా మేనకోడల్ని మొదటిసారి అక్కడికి వెంటబెట్టుకెళ్ళింది నేనే. అప్పటికి తొమ్మిదేళ్ళ పిల్ల. గోష్ఠిలో అందరూ కలిసి పాడే స్వామి పంచరత్న కృతుల్లో రెండే వచ్చు. రాని మూడింటికీ వయొలిన్ ఒళ్ళో పెట్టుకుని పక్కవాళ్ళ వేళ్ళకేసి చూస్తూ కూర్చుంది. మూడేళ్ళ క్రితం అదే గోష్ఠిలో, మృదంగాల వరసలో కూర్చున్న తంజావూరు అబ్బాయితో పరిచయమైంది. రెండిళ్ళవాళ్ళూ ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇద్దరి కోరికా ఒకటే. 2025 ఆరాధన నాడు, ఆ ఊళ్ళోనే, గోష్ఠి ముగిశాక పెళ్ళి.

నా మనసు వెంటనే ఒప్పేసుకుంది. చిక్కులన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి.

మొదటిది మా అన్నయ్య దగ్గర. "ఒక మహానుభావుడు పోయిన తిథి నాడు పెళ్ళేమిటే? మన ఇళ్ళలో తద్దినం నాడు పసుపు కూడా కొట్టరు కదా" అన్నాడు. తేలిగ్గా తీసేసే మాట కాదది. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమి నాడు. అయితే అంతకు కొద్దిగా ముందే ఆయన సన్న్యాసం పుచ్చుకున్నారు. సన్న్యాసికి తద్దినం ఉండదు. సమాధి ఉంటుంది, పూజ ఉంటుంది. దాన్ని ఆరాధన అంటున్నది అందుకే. ఆ రోజు పొద్దున తిరుమంజన వీధిలో ఆయన ఇంటి దగ్గరనుంచి ఉంఛవృత్తి భజన బయలుదేరుతుంది. సన్నాయి మోగుతుంది. వేణువులు భైరవి ఎత్తుకుంటాయి, వెనకే వందల గొంతులు నాట రాగంలో లేస్తాయి. అభిషేకం ఒకవైపు, పాట ఒకవైపు. ఏడుపు జాడ ఎక్కడా ఉండదు. ఇదంతా చెప్పాక అన్నయ్య కాసేపు ఊరుకుని, "సరే, సిద్ధాంతిగారిని అడుగుదాం" అన్నాడు.

సిద్ధాంతిగారు పంచాంగం తిప్పి చాలాసేపు చూశారు. పంచమి మంచి తిథే. పుష్యంలో బహుళ పంచమికి చంద్రుడు ఉత్తరా హస్తల చుట్టుపక్కల ఉంటాడు, రెండూ పెళ్ళికి పనికొచ్చే నక్షత్రాలే. "అన్నీ కుదిరాయి గానీ అమ్మా, నెల కుదరలేదు. పుష్యం శూన్యమాసం" అన్నారు. తంజావూరు నుంచి మాత్రం పెళ్ళివారు సంతోషంగా ఫోను చేశారు. వాళ్ళది సౌరమానం. సంక్రాంతితో వాళ్ళకి తై నెల మొదలవుతుంది. తై పుడితే దారి పుడుతుందని అక్కడ సామెత. ఆ ఏడు పంచమి జనవరి 18న వచ్చింది, అంటే తై నెల అయిదో తారీఖు. ఒకే చంద్రుడి కింద, ఒకే రోజున, వాళ్ళకి తలుపు తెరిచి ఉంది, మాకు మూసి ఉంది. పోనీ ఒక ఏడు ఆగుదామా అంటే 2026లో పంచమి జనవరి 7నే వస్తోంది. అది సంక్రాంతికి ముందు, ధనుర్మాసం. అప్పుడు రెండు తలుపులూ మూతే.

అమెరికాలో ఉన్న మా చిన్నాడు ఒక ఉపాయం చెప్పాడు. క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఉత్సవం జరుగుతోంది. అక్కడ తిథి పట్టింపు లేదు, ఈస్టర్ సెలవుల దగ్గర చేస్తారు, శూన్యమాసం బెడదే లేదు, అందరూ ఇక్కడికే రండి అని. వాడి ప్రేమకి నాకు కళ్ళు చెమర్చాయి. కానీ ఆ పిల్లలు కోరుకుంది కావేరి ఒడ్డుని.

ఆ రాత్రి పంచాంగం ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. మన పెద్ద పాటల పండగలు రెండూ పెళ్ళిళ్ళు లేని రోజుల్లోనే ఉన్నాయి. 1927 డిసెంబరులో మద్రాసు కాంగ్రెసు మహాసభలతో పాటు సంగీత సభ జరిగింది, మరుసటేడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది, డిసెంబరు కచేరీలు అలా స్థిరపడ్డాయి. అది ధనుర్మాసం. ఆరాధనేమో పుష్యం. ఎవరూ కూర్చుని ఇలా ఏర్పాటు చేసి ఉండరు. అయినా లెక్క చక్కగా కుదిరింది. పెళ్ళిళ్ళ నెలల్లో పాట పెళ్ళికి వెళుతుంది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో జనం పాట దగ్గరికి వస్తారు. పేరున్న విద్వాంసులు పెళ్ళిపందిట్లో నాలుగైదు గంటలు పాడిన రోజులున్నాయి. మా నాన్న తన పెళ్ళిలో జరిగిన కచేరీలో తోడి రాగం ఎంతసేపు సాగిందో చెప్పేవాడు గానీ, ఏం వడ్డించారో ఎన్నడూ చెప్పలేదు.

ఒకవేళ ముహూర్తం కుదిరినా నేను ఒప్పుకునేదాన్ని కాదేమో. తిథి కన్నా నాకు ఆ చోటు ముఖ్యం. అక్కడి పందిట్లో పక్కపక్కన రెండు వేదికలుంటాయి. ఒకదాని మీద పాట ముగిసేసరికి రెండో దాని మీద తంబురా సిద్ధంగా ఉంటుంది. ఎంత పెద్ద విద్వాంసుడైనా ఒకటో రెండో కృతులు పాడి దిగాలి. పారితోషికం లేదు. ఆ సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషి. తన ఆస్తంతా అక్కడే పోసింది. ఆడవాళ్ళు ఆ సన్నిధిలో పాడకూడదన్న రోజుల్లో పోరాడి పాడింది, తోటి ఆడవాళ్ళ చేత పాడించింది. ఇవాళ మా మేనకోడలు ఆడవాళ్ళ వరసలో కూర్చుని వాయిస్తోందంటే ఆవిడ వల్లే. 1952లో కన్నుమూసిన ఆవిడ సమాధి కూడా స్వామికి ఎదురుగానే ఉంది. అంత ఖర్చుపెట్టినా ఆవిడ ఆ చోటుని తనది చేసుకోలేదు. మనం పూలదండలతో, ఫొటోలవాళ్ళతో వెళ్ళి, ఆ ఒక్క రోజున జనం తలలు మనవైపు తిప్పించుకోవడం నాకు నచ్చలేదు.

"స్వామి పందిట్లో మన పందిరి వేయకూడదు తల్లీ" అన్నాను.

అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అక్కడ ఎవరూ చుట్టపుచూపుగా కూర్చోరత్తా. వచ్చినవాళ్ళందరూ పాడతారు. మన పెళ్ళిళ్ళలో వేదిక మీద ఇద్దరం నిలబడతాం, జనం వరసలో వచ్చి అక్షింతలు వేసి భోజనానికి వెళ్ళిపోతారు. నాకు అలా వద్దు" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. దానికి కావలసింది తిథి కాదు, గోష్ఠి. దాన్ని మా రాజమండ్రికి తీసుకురావచ్చు.

ఆ మాట మీద నాకు స్వామి ఇంట్లో జరిగిన పెళ్ళి గుర్తొచ్చింది. కూతురు సీతాలక్ష్మి పెళ్ళికి శిష్యుడు వెంకటరమణ భాగవతులు కట్నంగా రాములవారి చిత్తరువు మోసుకుని కాలినడకన వచ్చారని చెబుతారు. వాలాజాపేట భాగవతులుగా మనకి తెలిసినవారే. ఆ పటం చూసి స్వామి, రాముడే తనను కాపాడడానికి నడిచి వచ్చాడని మురిసిపోయి మోహన రాగంలో కృతి చెప్పారట. కూతురి పెళ్ళి పనుల హడావిడిలో గుమ్మం దగ్గర నిలబడి పాట కట్టిన తండ్రిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పెళ్ళిలో ఇంకేం జరిగిందో ఎవరూ చెప్పుకోరు. పాట మిగిలింది.

అలా నిశ్చయమైంది. పెళ్ళి మాఘంలో, రాజమండ్రిలో, మా ఇంటి ముందు పందిట్లో. పంచమి నాడు మాత్రం రెండిళ్ళవాళ్ళం తిరువయ్యారులో కలుసుకుని, మొదటి శుభలేఖ సమాధి దగ్గర పెట్టి, గోష్ఠిలో కూర్చుని పాడి, సాయంత్రం తంజావూరులో పెళ్ళివారింట్లో మిగిలినవి మాట్లాడుకోవాలి.

మాట్లాడుకోవలసినవి చాలానే ఉన్నాయి. వాళ్ళకి కాశీయాత్ర, ఊంజల్ ఉయ్యాల. మాకు జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. వాళ్ళు నాదస్వరం, తవిల్ తెస్తామన్నారు. మా అన్నయ్య మా వైపు సన్నాయి మేళమే ఉండాలని పట్టుబట్టాడు. వాళ్ళ తాతగారు షేక్ చినమౌలానా పేరెత్తేసరికి ఆ పట్టు కరిగిపోయింది. ప్రకాశం జిల్లా కరవది నుంచి వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డ విద్వాంసుడాయన. ఆయన నాదస్వరం తాతగారు చిన్నప్పుడు విన్నారట. రెండు మేళాలూ ఉంటాయి, మంగళసూత్రం ముడి పడేటప్పుడు కలిసి గట్టిమేళం అందుకుంటాయి. తుమ్ము గానీ చెడ్డమాట గానీ ఆ క్షణంలో చెవిన పడకుండా ఉండడానికే కదా గట్టిమేళం. రెండుంటే ఇంకా మంచిది.

పంచమి సాయంత్రం అనుకున్నట్టే తంజావూరు వెళ్ళాం. ఆ ఇంటి పెద్దావిడకి ఎనభై దాటాయి. మా భాష మాట్లాడలేరు. ఆవిడకి వచ్చిన తెలుగంతా కృతుల్లోనే వచ్చింది. గుమ్మంలో మమ్మల్ని చూడగానే, అసావేరి కృతిలో స్వామి రాముణ్ణి తన ఇంటిదాకా రమ్మని పిలిచిన మాటలతోనే మా అన్నయ్యని లోపలికి పిలిచారు. ఏకవచనమే. అరవై ఏళ్ళు దాటిన వియ్యంకుణ్ణి 'రారా' అని పిలిచే మనిషి ఈ లోకంలో ఇంకెవరూ మిగల్లేదు. అన్నయ్య వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాడు. తర్వాత ఆవిడ, అరవై ఏళ్ళుగా పాడుతున్న మోహన కృతిలో 'వచ్చితివో' అంటే ఏమిటని అడిగారు. అన్నయ్య చెప్పాడు. ఆవిడ ఆ ఒక్క మాటా రెండు మూడుసార్లు తనలో తను పాడుకున్నారు.

అందరూ కలిసి పాడడానికి పెద్ద అడ్డంకి శ్రుతి. ఆడవాళ్ళది అయిదు, మగవాళ్ళది ఒకటి. మామూలు కృతి ఎత్తుకుంటే ఒకరికి అందదు, ఇంకొకరికి మరీ కిందికి పోతుంది. పెళ్ళిలో పాడేవాళ్ళంతా విద్వాంసులు కారు. పిన్నులు, మేనమామలు, పక్కింటి వాళ్ళు. ఏం చేయాలా అని మేం తలలు పట్టుకుంటే మా మేనకోడలు వయొలిన్ తీసి, సీతాకల్యాణ కీర్తన పాడదాం అంది. స్వామి ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో, తమిళుల పెళ్ళిళ్ళలోనూ మన పెళ్ళిళ్ళలోనూ తప్పనిసరిగా వినిపించేది అది. దాన్ని పాడుకునే కురంజి రాగాన్ని మధ్యమ శ్రుతిలో పెట్టుకుంటారు. అయిదు శ్రుతిలో ఉన్న ఆడవాళ్ళు మధ్యమాన్ని షడ్జమం చేసుకుంటే అది సరిగ్గా మగవాళ్ళ ఒకటి మీదకి వచ్చి కూర్చుంటుంది. రాగం కూడా పైకీ కిందికీ ఎక్కువ పోదు. ఎవరూ తమ శ్రుతి మార్చుకోనక్కరలేదు.

పెద్దావిడ ఊంజల్ బల్ల మీద కూర్చుని ఎత్తుకున్నారు. మా వదిన అందుకుంది, నేను అందుకున్నాను. అబ్బాయి మృదంగం మీద తాళం సర్దుకుంటూ పెళ్ళికూతురి విల్లుకేసి చూస్తున్నాడు. మగవాళ్ళు రెండో ఆవృత్తంలో చేరారు, మా అన్నయ్య కాస్త ముందుగా. పెద్దావిడ చెయ్యెత్తి ఆపారు. అన్నయ్యకేసి వేలు చూపించి, మళ్ళీ మొదటినుంచి అని సైగ చేశారు. లోపల పొయ్యి మీద అన్నం పొంగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ లేవలేదు.