గోడలు ఆయనవి, బీరువా నాది

సంక్రాంతి ముందు పిడుగురాళ్ళ సున్నం తడిపి, నీలిమందు కలిపి గోడలకు వేసేది అమ్మ. ఎంచుకోవడానికేం లేదు, చాకిరీ మాత్రం ఆడవాళ్ళదే. నరసరావుపేటలో మా ఇంటికి రంగులంటే షేడ్ కార్డు ఆయన చేతికే వెళ్ళింది. లేత నీలం అన్నారు.

ఆ గదిలో ఉన్నవి నా సారె: టేకు మంచం, ముదురాకుపచ్చ బీరువా. 1986లోనే మన రాష్ట్ర చట్టం కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. ఆ తర్వాత పదేళ్ళకి పెళ్ళయిన నాకు పొలం తమ్ముడికి పోగా ఈ సామానొచ్చింది. నీలం పక్కన టేకు మరీ ఎర్రగా కొడుతుంది. మీగడరంగైతే రెండూ ఇముడుతాయి.

"పాత సామాను కోసం గోడ రంగు మార్చాలా?" అన్నారాయన.

"సార్నడగాలమ్మా," అన్నాడు పెయింటరు.

"అడుగుదువుగాని. ముందు బీరువా పక్కన జానెడు మేర మీగడరంగు వెయ్యి, ఆరాక చూద్దాం."