అటక మీది వీడియో గేమ్ డబ్బా



సెలవుల్లో ఊళ్లో దిగిన ఫొటోలు పెట్టినప్పటి నుంచి అందరూ ఒక్కటే అడుగుతున్నరు: పాత టీవీ పక్కన ఆ ఎర్ర తెల్ల డబ్బా ఏంది, అందులోంచి కీబోర్డు వైరు ఎందుకు వస్తున్నది అని. ఒక్క ముక్కలో చెప్పేది కాదు. పోస్టు పొడుగైతది, ఓపికతో చదవండి.

అది మా నలుగురిలో ఒకరి మామ ఎప్పుడో ఉట్నూరు సంతలో కొన్నది. క్యాసెట్ పెట్టి, పసుపు పిన్ను టీవీకి గుచ్చి ఆడే వీడియో గేమ్. మారియో, కాంట్రా, బాతులను తుపాకీతో కాల్చే ఆట అంటే మీ ఇంట్ల అన్నలకు గుర్తొస్తది. దాని మీద పెద్ద కంపెనీ పేరు ఏదీ ఉండదు, ఎందుకంటే అది నకలు. అసలుది జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన ఫ్యామికామ్. మన ఊళ్ల దాకా వచ్చింది మాత్రం ఈ నకలు డబ్బానే. మా వాడకట్టులో పిల్లలందరికీ వంతులేసి ఆడించిన డబ్బా అది, పాడైనంక అటక ఎక్కింది.

విప్పి చూసినం. లోపల చిప్పుకు కాళ్లు లేవు. బోర్డు మధ్యల తారు చుక్క లాంటి నల్ల బొట్టు ఒకటి, అంతే. మెదడంతా ఆ బొట్టు కిందనే పోసి మూసేసిన్రు, చౌకగ తయారు కావాలని. టౌన్‌లో రిపేరు చేసే అన్న చూసి "కిలోల లెక్కన అమ్ముకోండి" అన్నడు. ఆయన మాట అబద్ధం కాదు, బొట్టు పోతే ఎవ్వరూ బాగుచేయలేరు. కానీ డబ్బా గట్టిగ ఉంది, రిమోట్ల బటన్లు మెత్తగ నొక్కుకుంటున్నయి. మరి మెదడు ఒక్కటి మారిస్తే?

సీనియర్లు కాలేజీ ప్రాజెక్టు కోసం కొని వదిలేసిన రాస్‌బెర్రీ పై బోర్డు ఒకటి, 2016లో వచ్చిన మూడో రకం, తలా కొన్ని పైసలు ఏసుకుని తీసుకున్నం. ఏటీఎం కార్డంత ఉంటది. పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలని బ్రిటన్‌లో 2012లో మొదలుపెట్టిన బోర్డు ఇది. పాత ఫ్యామికామ్ మెమరీ 2 కిలోబైట్లు, దీనిది 1 జీబీ. అంటే అయిదు లక్షల రెట్లకు పైన. మెమరీ కార్డులో రెట్రోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే పాత యంత్రం ఎట్ల నడిచేదో అట్లనే నటిస్తది.

మాకు అన్నిటికన్నా నచ్చిన పని రిమోట్లది. కొత్త యూఎస్‌బీ రిమోట్లు కొంటే గంటలో అయిపోయేది, కానీ మామ చెయ్యి పట్టిన రిమోటే పనిచేయాలని పట్టుబట్టినం. దాంట్ల ఎనిమిది బటన్లు, బయటికి వచ్చేది అయిదే వైర్లు. ఎట్ల కుదురుతది? రెండు వైర్లు కరెంటుకు. మూడోది "ఆగు" అంటది, అప్పుడు ఎనిమిది బటన్లలో ఏది నొక్కి ఉందో లోపలి చిప్పు గుర్తు పెట్టుకుంటది. నాలుగోది "తర్వాత, తర్వాత" అని తడుతుంటది. తట్టినప్పుడల్లా అయిదో వైరు మీద ఒక్కో బటన్ జవాబు వస్తది: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. వరుస ఎప్పుడూ ఇదే. హాస్టల్లో హాజరు పిలిచినట్టే. సెకనుకు అరవైసార్లు హాజరు! ఒక్క జాగ్రత్త: పాత డబ్బా రిమోట్‌కు 5 వోల్టులు ఇచ్చేది, ఈ బోర్డు పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోవు. అందుకే రిమోట్‌కు కూడ 3.3 పిన్ను నుంచే కరెంటు ఇచ్చినం.

టీవీ కూడ పాతదే, వెనుక బుర్ర ఉన్నది. మొదటిసారి బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది. టీవీ పోయిందని అవ్వ బాధపడ్డది. పోలేదు. మన దేశం టీవీలది పాల్ పద్ధతి, బోర్డు మామూలుగ పంపేది అమెరికా, జపాన్‌ల ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. సెట్టింగుల ఫైల్‌లో ఒక్క అంకె మారిస్తే రంగులు వచ్చినయి.

కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆడుతుండంగ పోతే మెమరీ కార్డు చెడిపోవచ్చు. అందుకని చార్జింగ్ అవుతూనే కరెంటు ఇచ్చే పవర్ బ్యాంకు మధ్యల పెట్టినం. పాత రీసెట్ బటన్ నొక్కితే బోర్డు పద్ధతిగ ఆగేటట్టు చేసినం. ఆటల మాటకొస్తే, పాత యంత్రం కోసమే ఈ కాలంలో కొత్త ఆటలు రాసి ఉచితంగ పంచేటోళ్లు ఉన్నరు. నోవా ద స్క్విరెల్ అట్లాంటిదే. మా పిల్లలకు ఇప్పుడు ఆ ఉడుతే మారియో.

ఇదంతా ఆట కోసమేనా అంటే, కాదు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కంప్యూటర్ మీదనే, ఎస్‌ఎస్‌సీ, రైల్వే పరీక్షలూ అంతే. ఆశ్రమ పాఠశాలల్లో చదివిన మనలో ఎంతమందిమి పరీక్ష హాల్‌లోనే మొదటిసారి మౌస్ పట్టినమో మనకు తెలుసు. లెక్క వస్తది, జవాబు తెలుసు, కానీ నొక్కితే ఏమైతదో అన్న భయం. సెల్‌ఫోన్ ఎంత వాడినా ఆ భయం పోదు. అందుకే డబ్బాలో డెస్క్‌టాప్ కూడ ఎక్కించి ఒక షరతు పెట్టినం: ఆడాలంటే ముందు కీబోర్డు మీద మీ పేరు, ఊరు, మండలం కొట్టాలె. మొదటి రోజు ఒక్క వేలితో వెతుక్కున్నరు, కొందరు ఏడుపు మొఖం పెట్టిన్రు. వారం తిరిగేసరికి షరతు గుర్తు చేయాల్సిన పని లేకుండ పోయింది. డబ్బా మూత మాత్రం కావాలనే తెరిచి పెట్టినం. ఏడో తరగతి చదివే చెల్లె ఒకామె అయిదు వైర్ల కథ మా కంటె బాగ చెప్తున్నది ఇప్పుడు.

ఆ చెల్లెనే అడిగింది, "దాదా, దీంట్ల మన లిపి వస్తదా?" అని. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన చేతిరాత ప్రతుల మీది గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. నోటో ఫాంట్ ఉచితంగ దొరుకుతది. ఎక్కించి, క్యారెక్టర్ మ్యాప్‌లో ఒక్కో అక్షరం ఏరి ఆమె పేరు పేర్చినం. పాత టీవీ మీద అక్షరాలు కొంచెం అలుక్కుపోయినట్టే కనిపించినయి. అయినా వాడకట్టు మొత్తం వచ్చి చూసింది. ఒక తాత దగ్గరికి పోయి అద్దం మీద వేలు పెట్టి చదివిండు. మాలో ఇద్దరికి ఆ లిపి రాదు, ఆయనే చదివి చెప్పిండు.

రెండో రిమోట్‌ల బీ బటన్ ఇంకా సరిగ పడుతలేదు, లోపలి రబ్బరు అరిగింది. మీ ఇండ్లల్ల అట్లాంటి డబ్బా ఉంటే పాత సామాన్లోనికి ఎయ్యకండి. పనిచేయకున్నా సరే, రిమోట్ల వైర్లు కోయకుండ తీసుకురాండి. వచ్చే సెలవులకు పక్క ఊరోళ్లు కూడ ఒకటి కావాలంటున్నరు.