అద్దె లేని అడవి

కొలరాడోలో ఎండాకాలం శని, ఆదివారాలకి కొండల్లో ఒక మోస్తరు హోటల్ గది కావాలంటే రాత్రికి రెండొందల డాలర్లు తేలిగ్గా వదిలిపోతాయి. పోనీ టెంట్ వేసుకుందామని గవర్నమెంటు క్యాంప్‌గ్రౌండ్ చూస్తే అక్కడా పాతికో ముప్పయ్యో కట్టాలి. అదీ దొరికితే! పేరున్న చోట్లకి ఆరు నెలల ముందు రిజర్వేషన్ తెరుస్తారు. తెరిచిన కాసేపటికే అయిపోతాయి. మన దగ్గర తత్కాల్ టికెట్ కోసం కూర్చున్నట్టే ఇక్కడ జనం పొద్దున్నే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారు.

కానీ అవే కొండల్లో, అదే వాగు పక్కన, ఒక్క పైసా కట్టకుండా, రిజర్వేషన్ లేకుండా, చాలాచోట్ల 14 రోజులదాకా టెంట్ వేసుకుని ఉండొచ్చు. దీన్ని ఇక్కడ డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. డెన్వర్‌లో ఏళ్ళ తరబడి ఉంటున్న మనవాళ్ళలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువే. తెలిసినా, "ఎవడైనా వచ్చి లేపేస్తే?" అన్న భయంతో వెళ్ళరు. ఆ భయం పోవాలంటే ముందు ఆ నేల ఎవరిదో తెలియాలి.

ఎవరి నేల ఇది?

అమెరికాలో నేషనల్ పార్కులు మనందరికీ తెలుసు. గ్రాండ్ కేనియన్, ఎల్లోస్టోన్ అంటూ బంధువులు వచ్చినప్పుడల్లా తిప్పుతాం. నేషనల్ ఫారెస్ట్ అంటే మాత్రం అదీ ఇదీ ఒకటే అనుకుంటాం. కాదు. పార్కులు ఒక శాఖ చేతిలో ఉంటాయి, ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉంటాయి. పార్కులో రోడ్డు పక్కన ఇష్టమొచ్చినచోట టెంట్ వేస్తే కుదరదు. ఫారెస్టులో చాలాచోట్ల కుదురుతుంది.

ఫారెస్ట్ సర్వీస్ కింద దాదాపు 19.3 కోట్ల ఎకరాలున్నాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అని ఇంకో సంస్థ ఉంది, అందరూ బీఎల్ఎం అంటారు. దాని కింద ఇంకో 24.5 కోట్ల ఎకరాలు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా ఏడు కోట్ల ఎకరాలకి కాస్త తక్కువే. అంటే రెండు రాష్ట్రాలకి ఆరింతల పైగా నేల. అందులో ఎక్కువ భాగం పశ్చిమాన, ఈ కొండలూ ఎడారులూ ఉన్న రాష్ట్రాల్లోనే ఉంది.

మొదటిసారి వెళ్తున్నప్పుడు మా అమ్మకి ఫోన్‌లో ఈ మాట చెప్పాను. "ఎవరి స్థలంరా అది? అడక్కుండా పడుకుంటే ఊరుకుంటారా?" అంది. గవర్నమెంటుదే అమ్మా అంటే, "మరి ఫారెస్టోళ్ళు పట్టుకోరూ?" అని ఇంకో ప్రశ్న. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. మాది భద్రాచలం వైపు. మన దగ్గర రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద, కట్టెల మీద ఆంక్షలు పెట్టడం ఏజెన్సీలో ఎంత రగిలిందో, 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గిరిజనులు ఎందుకు నడిచారో చిన్నప్పుడే చదువుకున్నాం. ఫారెస్ట్ గార్డు అంటే దారిమ్మని తప్పుకోవడమే మాకు అలవాటు. ఇక్కడ అదే ఫారెస్ట్ ఆఫీసుకి మనమే ఫోన్ చేసి "ఎక్కడ పడుకోవచ్చు?" అని అడిగితే ఓపిగ్గా చెప్తారు.

వెతకడం ఎలా?

ఇది మ్యాప్ చదవడం వస్తే సగం అయిపోయే పని. గూగుల్ మ్యాప్స్‌లో పచ్చరంగు కనిపించినంత మాత్రాన అక్కడ ఉండొచ్చని కాదు. నేల ఎవరిదో చూపించే మ్యాపులు వేరే ఉంటాయి. గాయా జీపీఎస్, ఆనెక్స్ లాంటి యాప్‌లలో ఆ లేయర్ ఆన్ చేసుకోవాలి. బీఎల్ఎం వాడే మామూలు రంగుల పద్ధతిలో నేషనల్ ఫారెస్ట్ ఆకుపచ్చ, బీఎల్ఎం నేల పసుపు, రాష్ట్ర ప్రభుత్వానిది నీలం, ప్రైవేటుది తెలుపు. కొన్ని యాప్‌లు రంగులు మార్చేస్తాయి కాబట్టి ఒకసారి సూచిక చూసుకోండి. మనకి కావాల్సింది ఆకుపచ్చ, పసుపు. నీలం చూసి సంబరపడొద్దు. కొలరాడోలో స్టేట్ ట్రస్ట్ భూములు చాలావరకు జనానికి తెరిచి ఉండవు.

ఆకుపచ్చ మధ్యలో అక్కడక్కడా తెల్ల ముక్కలు కనిపిస్తాయి. వాటిలో చాలావి పాత గనుల పట్టాలు. 1872 నాటి గనుల చట్టం కింద పట్టా పుచ్చుకున్న నేల ఇప్పటికీ ప్రైవేటే. అడవి నడిబొడ్డున ఉన్నా అక్కడ టెంట్ వేయకూడదు.

రెండో మెట్టు ఎమ్‌వీయూఎమ్. అంటే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్. ప్రతి నేషనల్ ఫారెస్టూ దీన్ని ఉచితంగా ఇస్తుంది. అవెంజా అనే యాప్‌లో దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మనం ఎక్కడున్నామో చుక్క చూపిస్తుంది. చూడ్డానికి నలుపు తెలుపు గీతలతో పాతకాలపు జెరాక్స్ కాగితంలా ఉంటుంది కానీ అసలు గుట్టంతా అందులోనే. రోడ్డు గీతకి పక్కగా చిన్నచిన్న చుక్కలు వరసగా ఉంటే, ఆ రోడ్డు పక్కన బండి దింపి క్యాంప్ చేసుకోవచ్చని అర్థం. ఎంత లోపలికి వెళ్ళొచ్చో ఒక్కో అడవిలో ఒక్కో లెక్క. మ్యాప్ మీదే రాసి ఉంటుంది.

మూడోది ఉపగ్రహ చిత్రం. చుక్కలున్న రోడ్డు వెంట జూమ్ చేసుకుంటూ పోతే చెట్ల మధ్య గడ్డి లేని నేల కనిపిస్తుంది. అంటే ఇంతకుముందు ఎవరో అక్కడ ఉన్నారు. అదే మంచి చోటు. కొత్త గడ్డి తొక్కడం కన్నా తొక్కిన చోటే మళ్ళీ తొక్కడం అడవికి మేలు.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది, రేంజర్ ఆఫీసుకి ఒక ఫోన్. నిరుడు తెరిచి ఉన్న రోడ్డు ఈ ఏడు మూసి ఉండొచ్చు.

క్లియర్ క్రీక్‌లో మూడు రాత్రులు

ఈ పద్ధతిలోనే పోయిన జులైలో మేం నలుగురం క్లియర్ క్రీక్ లోయ పట్టుకున్నాం. డెన్వర్ నుంచి 285 హైవే మీద బ్యూనా విస్టా ఊరిదాకా రెండున్నర గంటలు. అక్కడి నుంచి ఉత్తరానికి కొంత దూరం వెళ్ళి కౌంటీ రోడ్ 390 ఎక్కాలి. కంకర రోడ్డు. మామూలు కారు మెల్లగా పోతుంది. ఒక పక్క వాగు, రెండు పక్కలా 14 వేల అడుగుల శిఖరాలు. దారిలో విక్స్‌బర్గ్, చివర్లో విన్‌ఫీల్డ్ అని రెండు పాడుబడిన ఊళ్ళు. 1880ల్లో వెండి కోసం వచ్చినవాళ్ళు కట్టుకున్నవి. విన్‌ఫీల్డ్‌లో పాత బడి ఇంకా నిలబడే ఉంది.

మా చోటు దాదాపు పదివేల అడుగుల ఎత్తులో ఉంది. ఇక్కడ మనవాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి చెప్పాలి. అంత ఎత్తులో నీళ్ళు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అన్నం అదో రకంగా ఉడుకుతుంది గానీ కందిపప్పు మాత్రం ఎంతసేపు ఉంచినా గింజ గింజలాగే మిగులుతుంది. అందుకే మేం మూడు లీటర్ల కుక్కర్ మోసుకెళ్ళాం. పక్క టెంట్ వాళ్ళు మొదటి విజిల్‌కి ఉలిక్కిపడి లేచారు. మూడో విజిల్‌కి పప్పు తినడానికి వచ్చారు.

తిండి అన్నాక ఎలుగుబంట్లు. కొలరాడోలో ఉన్నవి నల్ల ఎలుగులు. మనిషి జోలికి రావడం అరుదు గానీ ముక్కు మహా గట్టిది. పులిహోర, ఆవకాయ, చివరికి టూత్‌పేస్ట్ కూడా టెంట్‌లో ఉంచకూడదు. బేర్ క్యానిస్టర్ అని గట్టి డబ్బా దొరుకుతుంది. లేదంటే కారులో పెట్టి, అద్దాలు పూర్తిగా ఎక్కించి, తాళం వేయాలి. తాళం మర్చిపోతే కారు తలుపు తెరవడం ఎలుగులకి బాగానే వచ్చు.

జులై అని పల్చటి దుప్పటి తీసుకెళ్తే తెల్లవారుజామున పళ్ళు కటకటలాడతాయి. మధ్యాహ్నాలు ఉరుములు, పిడుగులు. చెట్లు లేని ఎత్తులకి ఎక్కేవాళ్ళు పన్నెండు లోపు కిందికి దిగిపోవాలి.

ఊరికే వచ్చినదానికి ఖరీదు

పక్క టెంట్ అన్నానే, అది నిజానికి ఒక పాత వ్యాన్. అందులో ఉంటున్న అమ్మాయి ఆర్కన్సా నది మీద రాఫ్టింగ్ గైడ్. ఎండాకాలమంతా ఆమె ఇల్లు అదే. ఊళ్ళో అద్దెలు ఆమె జీతానికి అందవట. రెండు వారాలకోసారి వ్యాన్ తీసుకుని ఇంకో చోటికి మారుతుంది, 14 రోజుల నియమం కదా. మనకి సరదాగా ఉన్న చోటు ఆమెకి అవసరం.

ఆమె చెప్పిన మాటలోనే అసలు సంగతి ఉంది. జనం చెత్త వదిలి వెళ్ళినకొద్దీ, వాగు పక్కనే మలవిసర్జన చేసినకొద్దీ, ఒక్కో లోయా మూతపడుతోంది. క్రెస్టెడ్ బ్యూట్ చుట్టూ ఉన్న లోయల్లో ఇప్పుడు ఇష్టమొచ్చిన చోట ఉండనివ్వరు, నంబరు వేసిన స్థలాల్లోనే. తరవాతి మెట్టు టికెట్టే కావచ్చు. అప్పుడు మనం పాతిక డాలర్లు కట్టేస్తాం. ఆమె కట్టలేదు.

కాబట్టి నియమాలు కొన్ని గట్టిగా పెట్టుకోండి. వాగుకి 200 అడుగుల దూరంలో టెంట్, అంటే సుమారు 70 పెద్ద అంగలు నడిచి వేయాలి. మలవిసర్జనకి కూడా అంతే దూరం వెళ్ళి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంట తవ్వి పూడ్చాలి. టాయిలెట్ పేపర్ మాత్రం కవర్లో మూటగట్టి ఇంటికి. గిన్నెలు వాగులో కడగొద్దు, సబ్బు ఏదైనా సరే. తాగే నీళ్ళు మరిగించి లేదా ఫిల్టర్ చేసి తాగాలి.

నిప్పు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. 2020లో ఫోర్ట్ కాలిన్స్ పక్క కొండల్లో రగిలిన కామెరాన్ పీక్ మంట రెండు లక్షల ఎకరాలకి పైగా కాల్చేసింది. ఈ రాష్ట్ర చరిత్రలో అంత పెద్దది లేదు. వెళ్ళేముందు నిప్పు ఆంక్షలు చూడాలి. స్టేజ్ 1 ఉంటే ఇలాంటి ఉచిత స్థలాల్లో కట్టెల మంట నిషేధం. స్టేజ్ 2లో ఎక్కడా కుదరదు. గ్యాస్ స్టవ్ ఒక్కటే దిక్కు.

ఇంకో మాట. ఈ కొండలు 'ఎవరివీ కావు' అనుకోకండి. ఇవి యూట్ జాతివాళ్ళవి. వెండి, బంగారం బయటపడ్డాక 1873లో ఒప్పందం పేరుతో శాన్ హ్వాన్ కొండలు తీసుకున్నారు. 1881లో వాళ్ళలో ఎక్కువమందిని యూటా వైపు తరిమేశారు. మా ఏజెన్సీ కథ తెలిసినవాడికి ఇది కొత్తగా అనిపించదు. అందరిదీ అని రాసుకున్న ఈ నేల కొందరి దగ్గర లాక్కున్నదే.

మా నలుగురిలో ఒకడికి ఈ ప్రయాణానికి పది రోజుల ముందే ఉద్యోగం పోయింది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులకి మించి గడువు ఉండదు. ఆ లోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, వీసా మార్చుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. మూడో రాత్రి వాడు కుర్చీలో వెనక్కి వాలి పాలపుంత చూస్తూ, "మామా, ఇక్కడికొచ్చిన ఏడేళ్ళలో ఐడీ చూపించకుండా నన్ను ఉండనిచ్చింది ఈ అడవొక్కటేరా" అన్నాడు. ఎవ్వరం ఏమీ అనలేదు. ఇప్పుడు వాడు హైదరాబాద్‌లో ఉన్నాడు, ఉద్యోగం బాగానే ఉంది.

మీరు వెళ్తే జూన్ చివరి నుంచి సెప్టెంబరు మధ్య వరకూ మంచి సమయం. అంతకుముందు ఎత్తు రోడ్ల మీద మంచు కరగదు. శుక్రవారం సాయంత్రం కన్నా గురువారమే చేరితే చోటు ఖాయం. మొదటిసారి ఊరికి దగ్గర్లో ఉన్న రోడ్డు ఎంచుకోండి. మ్యాపులు ఇంట్లోనే దించుకోండి, పెట్రోల్ నింపుకోండి, ఎక్కడికెళ్తున్నారో ఒకరికి చెప్పండి. వచ్చేటప్పుడు మీ చెత్తతోపాటు ముందువాళ్ళు వదిలింది కూడా ఒక సంచిలో ఎత్తుకు రండి. ఆ అడవికి మనం కట్టగలిగే అద్దె అదొక్కటే.