పాయింటు లేని పని

జనవరి 6, 2025, సోమవారం

పొద్దున్నే ఇళ్లకెళ్లి థెరపీ చేసే మా థెరపిస్టుల ప్రొడక్టివిటీ రిపోర్టు వచ్చిపడింది. మామూలు విజిట్‌కి ఒక పాయింటు, మెడికేర్ అడిగే ఒయాసిస్ అనే అంచనా ఫారం నింపి కొత్త కేసు తెరిస్తే ఇంకాస్త ఎక్కువ. డెంటన్ వైపు చూసే థెరపిస్టు మళ్లీ అట్టడుగున ఉంది. ఉండదూ మరి! గార్లండ్ చూసే కుర్రాడికి రెండు వీధులు తిరిగితే నాలుగిళ్లు తగుల్తాయి. ఆవిడకి ఇంటికీ ఇంటికీ మధ్య పొలాలు. డ్రైవింగ్‌కి పాయింట్లు లేవు. మార్చాల్సింది ఆవిడ ఏరియాని, ఆవిణ్ణి కాదని పైవాళ్లకి మెయిల్ పెట్టాను.

2020కి ముందు ఇంకో రకం పిచ్చి. థెరపీ విజిట్లు పెరిగితే మెడికేర్ డబ్బూ పెరిగేది, కాబట్టి వెళ్లండి, ఇంకా వెళ్లండి అనేవాళ్లు. 2020 జనవరి 1న పీడీజీఎం అనే కొత్త చెల్లింపు పద్ధతి వచ్చి ఆ లంకె తెంపింది. 30 రోజులకో చెల్లింపు, అదీ పేషెంటు పరిస్థితిని బట్టి. రాత్రికి రాత్రే చాలా ఏజెన్సీలకి తక్కువ విజిట్లు చాలనిపించాయి. మోకాళ్లు మాత్రం పాతవే.

జనవరి 9, గురువారం

మంచు. స్కూళ్లు మూసేశారు. తెల్లారిందగ్గర్నుంచీ ఫోను చెవికే అతుక్కుపోయింది. మకినీలో తుంటి ఆపరేషన్ అయిన పెద్దావిడ నిన్ననే ఇంటికొచ్చింది. 48 గంటల్లో మొదటి విజిట్ పడాలి. వెళ్లాల్సిన థెరపిస్టు ఫోను:

"అక్కా, మా సందులోంచి కారు కదలట్లేదు."

"కదపొద్దు తల్లీ. నేను చూసుకుంటా."

డాక్టరాఫీసుకి ఫోన్ చేసి, మొదటి విజిట్ శనివారం పెట్టేలా ఆర్డర్ మార్పించాను. తర్వాత పెద్దావిడ కూతురికి చేశాను: బాత్రూమ్ దారిలో తివాచీ తీసెయ్యండి, వాకర్ మంచానికి చేతికందేలా పెట్టండి, రాత్రి లైటు వెలగనివ్వండి. అరగంట పట్టింది. విజిట్ కాదు కాబట్టి లెక్కలోకి రాదు.

మిగతా తప్పిన విజిట్లన్నిటికీ ఆయా డాక్టర్లకి కబురు పంపేసరికి చీకటి పడింది.

జనవరి 14, మంగళవారం

సంక్రాంతి. ఫ్రిస్కో నుంచి మా థెరపిస్టు ఫోను: "పేషెంటుని హనుమాన్ గుడికి తీసుకెళ్తారట. ఇల్లు కదిలితే మెడికేర్ ఆపేస్తుందని భయపడుతున్నారు." ఆపదు. మెడికేర్ షరతులో హోమ్‌బౌండ్ అంటే గడప దాటకూడదని కాదు, దాటడం కష్టమని. పూజకి వెళ్లడం రూల్సులోనే ఉంది. వీల్‌చెయిర్లో తీసుకెళ్లమని, మెట్లు వద్దని చెప్పమన్నాను.

జనవరి 16, గురువారం

గార్లండ్ కుర్రాడితో కలిసి వెళ్లాను. అతని నోట్స్ ఎప్పుడూ ఒకటే పాట: "వాకర్‌తో 60 అడుగులు నడిచారు." ఆ మాత్రానికి థెరపిస్టెందుకని రివ్యూ చేసేవాళ్లు అడగరా?

హాల్లో పేషెంటుకి టైమ్డ్ అప్ అండ్ గో పరీక్ష పెట్టాడు. కుర్చీలోంచి లేచి, పదడుగుల దూరంలో అంటించిన నీలం టేపు దాకా వెళ్లి, తిరిగొచ్చి కూర్చోవాలి. 19 సెకన్లు. 12 దాటితేనే పడే ప్రమాదం ఉందని అర్థం. అసలు పని ఆ తర్వాత మొదలైంది. పెద్దాయన పడింది వంటింటి గడప దగ్గర, ఒక చేత్తో కాఫీ కప్పు, ఒక చేత్తో వాకర్ పట్టుకుని. కుర్రాడు వాకర్‌కి చిన్న సంచి కట్టి, అందులో మూతున్న కప్పు పెట్టించి, అదే గడప మళ్లీ మళ్లీ దాటించాడు. మలుపులో పెద్దాయన చెయ్యి కప్పు మీదికి పోబోతే, మాట్లాడకుండా ఆ చేతిని తెచ్చి వాకర్ మీద పెట్టాడు.

కార్లో అన్నాను, "ఇది కదయ్యా రాయాల్సింది!"

రాత్రి నోట్ వచ్చింది. గడప, కప్పు, సంచి అన్నీ ఉన్నాయి. కింద మెసేజ్: "రాయడానికే ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది మేడమ్. పాయింటు ఒకటేగా?"

ఇంకా జవాబివ్వలేదు. ముందు సోమవారం రిపోర్టు సంగతి పైవాళ్లతో తేల్చాలి.