మీట ఉన్న జారుడుబండ

పిల్లలూ! మీలో జారుడుబండ ఎక్కనివారు ఉండరు. పల్లెటూళ్ళలో ఉండేవారైతే తాటిమట్టమీద కూచుని గుట్టమీదినుంచి సర్రున జారి, లాగు వెనక చిరుగుపెట్టుకుని, ఇంట్లో చీవాట్లు తిని ఉంటారు. మరి ముప్పావు కిలోమీటరు పొడవుగల జారుడుబండను మీరు ఎన్నడైనా చూశారా? మేము చూశాం. అది స్విట్జర్లాండు దేశంలో, కాండర్‌స్టెగ్ అనే ఊరి పైన, కొండమీద ఉన్నది.

కెనడా దేశపు ఆదివాసులు పూర్వం మంచుమీద సామాను లాగటానికి ఒక బల్ల వాడేవారు. దాని ముందుభాగం పైకి వంగి ఉంటుంది. "టొబోగన్" అనే మాట వారి భాషనుంచే వచ్చింది. రానురాను జనం ఆ బల్లమీద కూచుని మంచుకొండలనుంచి జారటం ఆటగా చేసుకున్నారు. మరి వేసవిలో ఆ వాలులమీద మంచు ఉండదు గదా! అందుకని కొండవాలున వంకరటింకరగా లోహపు దారి పరిచి, దానిమీద చిన్న బండ్లు వదిలారు. ఇదే వేసవి టొబోగన్.

మా చెల్లెలు బెర్న్ నగరంలో ఉంటుంది. సెలవులకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ఒకనాడు పొద్దున్నే పులిహోర మూటగట్టుకుని అందరమూ రైలెక్కాం. దారిలో రైలు కొండ ఎక్కటానికి మెలికలు తిరుగుతుంది. ఇప్పుడు కుడి కిటికీలో కనిపించిన లోయే, ఇంకాసేపటికి ఎడమ కిటికీలో, మరింత కిందుగా కనిపిస్తుంది! కాండర్‌స్టెగ్ దాటితే ఈ రైలుమార్గం 14 కిలోమీటర్లకు పైగా పొడవున్న సొరంగంలో దూరుతుంది. ఆ సొరంగాన్ని 1913లో తెరిచారు. మేము మాత్రం కాండర్‌స్టెగ్‌లోనే దిగాం.

ఊరినుంచి ఉక్కుతాడుకు వేలాడే పెట్టెల్లో కూచుని పైకి పోవాలి. పైన దిగగానే జారుడు దారి కనిపించింది. దాని పొడవు 750 మీటర్లు. మా పెద్దవాడు ఎగిరి గంతేశాడు. ఆరేళ్ళ మా అమ్మాయి మాత్రం నా చొక్కా పట్టుకుని, "నాన్నా, మధ్యలో అది ఆగకపోతే?" అన్నది.

అక్కడి మనిషి ఏదో చెప్పాడు. మా చెల్లెలు దాన్ని తెలుగులో చెప్పింది: "బండి మధ్య ఈ మీట చూశావా, తల్లీ? ముందుకు తోస్తే బండి పోతుంది. వెనక్కు లాగితే ఆగుతుంది. నువ్వు ఎంత వేగం పొమ్మంటే అంతే పోతుంది."

అమ్మాయిని ముందు కూచోబెట్టుకుని నేను వెనక కూచున్నాను. మీట దాని చేతికే ఇచ్చి, పైన నా చెయ్యి వేశాను. మొదటి మలుపుదాకా అది మీటను వెనక్కు లాగే ఉంచింది. నత్తలు మమ్మల్ని దాటిపోయినా ఆశ్చర్యం లేదు! రెండో మలుపు దగ్గర కొంచెం సడలించింది. మూడో మలుపు దాటాక, "నాన్నా, చెయ్యి తియ్యి!" అని అరిచింది.

ఈ బండికి ఇంజను లేదు, ఎద్దు లేదు. మరి లాగేదెవరు? భూమి! చెట్టునుంచి మామిడిపండును కిందికి లాగే ఆకర్షణే బండినీ లాగుతుంది. మీట లాగితే బ్రేకు లోహపు దారిని గట్టిగా అదుముతుంది. ఆ రాపిడివల్ల వేగం తగ్గిపోతుంది.

పెద్దవాడు రెండోసారి ఎక్కబోతుండగా చినుకులు పడ్డాయి. వెంటనే ఆ మనిషి దారి మూసివేశాడు. మావాడికి ఏడుపొక్కటే తక్కువ. "నాలుగు చినుకులకే మూసేస్తారా?" అని సణిగాడు.

"వానలో సైకిలు బ్రేకు వేస్తే ఏమవుతుంది?" అని అడిగాను.

"కొంతదూరం పోయిగాని ఆగదు."

"ఇదీ అంతే. తడిసిన లోహంమీద రాపిడి తగ్గుతుంది. అప్పుడు మీట చేతిలో ఉన్నా పట్టు ఉండదు."

వాన వెలిశాక, అరగంట నడిచి ఓషినెన్ సరస్సు చేరుకున్నాం. 1578 మీటర్ల ఎత్తున, నీలాకుపచ్చని నీటితో కొండల నడుమ అది నిలిచి ఉన్నది. వెనక బ్లూమ్లిసాల్ప్ మంచు శిఖరాలు. సరస్సు లోతు 56 మీటర్లు. రెండు తాటిచెట్లను ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా మునిగిపోవలసిందే! ఒడ్డున కూచుని పులిహోర తింటూ మా చెల్లెలు ఆ సరస్సు కథ చెప్పింది.

రెండువేల ఏళ్ళకు ముందే, కొండచరియ ఒకటి విరిగి లోయలోకి జారిపోయింది. ఆ రాళ్ళగుట్ట వాగుకు అడ్డుపడితే, వెనక నీరు నిలిచి సరస్సు అయింది. నేటికీ ఈ సరస్సునుంచి పైకి కనిపించేలా వాగేదీ బయటికి పారదు. నీరు రాళ్ళ సందుల్లోనుంచి ఇంకి, దిగువన ఊటలుగా వస్తుంది.

"అదిగో, ఆ శిఖరం చూడండి," అన్నది మా చెల్లెలు. దాని పేరు ష్పిట్సె ష్టయిన్, అంటే మొనదేలిన రాయి. ఆ కొండ కొంచెం కొంచెంగా కిందికి కదులుతున్నదని 2018లో తెలిసింది. అప్పటినుంచి పరికరాలు పెట్టి దాని కదలికను కొలుస్తున్నారు. ప్రమాదమున్న కాలిబాటలను మూసివేశారు. అది విరిగిపడితే దిగువనున్న కాండర్‌స్టెగ్‌కు ముప్పు రావచ్చు గదా!

మావాడు చాలాసేపు ఆ శిఖరంకేసి చూసి, "అత్తయ్యా! దాన్నీ భూమే లాగుతున్నది. కాని దానికి మీట లేదు," అన్నాడు.

"లేదురా. అందుకనే మనం కనిపెట్టుకుని ఉండాలి, అవసరమైతే తప్పుకోవాలి," అన్నది ఆమె.

తిరిగి వచ్చేటప్పటికి జారుడు దారి ఇంకా ఆరలేదు. దాని ముందునుంచే వెళ్ళాం. ఈసారి మావాడు సణగలేదు. తడి లోహంమీద వేలు పెట్టి, ఒకసారి రాసి చూసి, చెయ్యి లాగుకు తుడుచుకుని మా వెంట నడిచాడు.

పిల్లలూ, ఇకమీద మీరు గుట్ట ఎక్కి జారేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. లాగటానికి భూమి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఆగటం ఎలాగో మాత్రం మనమే ముందు చూసుకోవాలి!