ఎత్తుకి హద్దున్న పేటలో ఏడడుగుల మనిషి కథ

సింగపూర్ చూడ్డానికి వచ్చిన చుట్టాల్ని పాయా లేబర్‌కి ఎవరూ తీసుకురారు. మెరీనా బే, సెంటోసా, లిటిల్ ఇండియా, ముస్తఫా అయ్యాక ఇక విమానాశ్రయమే. ఇది రైలు మారే చోటు. ఆకుపచ్చ లైను దిగి సర్కిల్ లైను ఎక్కే జనం పొద్దున్నే ఎస్కలేటర్ల మీద చీమల బారులా కదులుతుంటారు. మలయ్ భాషలో పాయా అంటే చిత్తడి నేల, లేబర్ అంటే వెడల్పు. హైదరాబాదు వాళ్ళు పాయా అనగానే గిన్నె, నిమ్మచెక్క పట్టుకుని రాకండి. ఆ పాయాకీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

స్టేషన్ బయటికొచ్చి ఒక్కసారి తల పైకెత్తండి. ఒక పక్క పీఎల్‌క్యూ మాల్, దాని ఆఫీసు టవర్లు. ఇంకో పక్క సింగ్‌పోస్ట్ సెంటర్. రోడ్డు దాటితే గేలాంగ్ సెరాయ్ మార్కెట్, సిటీ ప్లాజా. కాస్త నడిస్తే గేలాంగ్ ఈస్ట్‌లో మన శివాలయం. అన్నీ ఉన్నాయి కానీ సిటీ మధ్యలోలా యాభై, అరవై అంతస్తులు ఎక్కడా కనబడవు. ఎవరో పైనుంచి అరచేత్తో అదిమినట్టుంటుంది. కారణం విమానాలు. 1955లో కలాంగ్ నుంచి ఎయిర్‌పోర్టు పాయా లేబర్‌కి మారింది, 1981లో చాంగీ తెరిచాక ఇది వాయుసేన స్థావరమైంది. యుద్ధ విమానాలు ఎగిరే దారి కింద కట్టడాలు ఎంత ఎత్తుండాలో ప్రభుత్వం గీత గీసింది. 2030ల నుంచి ఈ స్థావరాన్ని తరలిస్తామనీ, అప్పుడు ఖాళీ అయ్యే సుమారు 800 హెక్టార్లలో, చుట్టుపక్కల కలిపి లక్షన్నర ఇళ్ళు కట్టొచ్చనీ 2022లో ప్రధాని లీ సీన్ లూంగ్ జాతీయ దినోత్సవ ర్యాలీలో చెప్పారు. ఎత్తు మీద ఆంక్షలు కూడా అప్పుడు సడలుతాయి. అందాకా ఈ పేటలో ఎవరైనా గీత లోపలే ఉండాలి.

ఇళ్ళకే కాదు, ఆడపిల్లలకీ ఇలాంటి గీత ఒకటుంటుంది. దాన్ని గీసేది వాయుసేన కాదు, పెళ్ళిళ్ళలో ముందు వరస కుర్చీల్లో కూర్చునే మన పెద్దమ్మలూ పిన్నమ్మలూ.

మా పక్క బ్లాకులో ఒక తెలుగు పిల్ల ఉంది. సెకండరీ త్రీ. ఐదడుగుల పదకొండు అంగుళాలు. స్కూల్లో సీసీఏ బాస్కెట్‌బాల్. సాయంత్రాలు మా బ్లాకుల మధ్య ఉన్న సిమెంటు కోర్టులో చైనీస్, మలయ్ పిల్లలతో ఆడుతుంటే నేను కూరల సంచితో ఆగి చూస్తుంటాను. బంతి పట్టుకున్నప్పుడు నిటారుగా ఉంటుంది. కోర్టు దాటి లిఫ్టు దగ్గరికి రాగానే భుజాలు ముందుకొచ్చేస్తాయి, మెడ వంగిపోతుంది, రెండంగుళాలు ఎక్కడో దాచుకుంటుంది. డిసెంబరు సెలవుల్లో విజయవాడలో ఒక పెళ్ళికి వెళ్ళొచ్చాక ఇంకా వంగింది. అక్కడ తాడిచెట్టు అన్నారట, పైనుంచి ఫ్యాను తుడిచిపెట్టమన్నారట. ఒకావిడ మాత్రం ఏ వేళాకోళమూ లేకుండా, నిజంగా బాధపడుతూ, "ఈ పిల్లకి ఈడైనవాణ్ణి ఎక్కణ్ణించి తెస్తావే?" అని తల్లినడిగిందట. వేళాకోళం కన్నా ఆ జాలే పిల్లకి ఎక్కువ తగిలింది.

"ఆట మాన్పించేద్దామనుకుంటున్నానక్కా," అంది వాళ్ళమ్మ నాతో, గేలాంగ్ సెరాయ్ మార్కెట్ పైన టీ తాగుతూ. "ఆ బాస్కెట్‌బాల్ వల్లే ఇంకా సాగుతోందని మా అత్తగారంటున్నారు."

ఈ మాట మన ఇళ్ళల్లో చాలామంది నమ్ముతారు కాబట్టి ఇక్కడే తేల్చేద్దాం. ఆట వల్ల ఎముక పొడుగవదు. ఎత్తులో ఎక్కువ పాలు తల్లిదండ్రుల నుంచి వచ్చేది, మిగతాది తిండి, ఆరోగ్యం. ఎముకల చివర ఎదిగే మృదులాస్థి ఉన్నంతకాలం పెరుగుతారు, అది గట్టిపడ్డాక ఆగుతారు. ఆడపిల్లల్లో పెద్దమనిషి అయిన రెండు మూడేళ్ళకి ఆ పెరుగుదల దాదాపు అయిపోతుంది. పొడుగున్న పిల్లల్ని కోచ్‌లు ఏరుకుంటారు కాబట్టి కోర్టు నిండా పొడుగువాళ్ళే కనబడతారు, అంతే. చేపలు ఉన్నాయి కాబట్టి చెరువు తవ్వుకుందనం కదా.

ఆ పిల్లకి నేను చెప్పిన కథ మార్గో డైడెక్‌ది. అసలు పేరు మాల్గొజాటా. 1974లో పోలండ్‌లోని వార్సాలో పుట్టింది. పెరిగి పెరిగి రెండు మీటర్ల పద్దెనిమిది సెంటీమీటర్ల దగ్గర ఆగింది, అంటే ఏడడుగుల రెండంగుళాలు. "ఏడడుగులా?" అని వాళ్ళమ్మ నవ్వింది. మనకి ఏడడుగులంటే పెళ్ళే గుర్తుకొస్తుంది మరి. డైడెక్ కూడా పెళ్ళి చేసుకుంది, ఇద్దరు మగపిల్లల్ని కంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే పెద్దవాళ్ళు మిగతా కథ ప్రశాంతంగా వింటారని నా అనుభవం.

వాళ్ళింట్లో అందరూ పొడుగే. అక్కా చెల్లీ ఇద్దరూ కూడా బాస్కెట్‌బాల్ ఆడినవాళ్ళే. ఒక ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలూ అలా ఉంటే ఎవరూ ఎవర్నీ వింతగా చూడరు, డైడెక్ అదృష్టం అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. ఇరవయ్యో ఏటికే ఇల్లు వదిలి ఫ్రాన్స్‌లో వాలెన్సియెన్ జట్టుకి, తర్వాత స్పెయిన్‌లో గెటాఫే జట్టుకి ఆడింది. 1997లో అమెరికాలో డబ్ల్యూఎన్‌బీఏ మొదలైంది. మరుసటి ఏడే, 1998 ఎంపికల్లో, యూటా స్టార్జ్ జట్టు అందరికన్నా ముందు ఆమె పేరు పిలిచింది. ఆ లీగ్‌లో అంత పొడుగు మనిషి అంతకు ముందు ఎవరూ ఆడలేదు.

అక్కణ్ణించి ఆమె జీవితం మనలాంటి వాళ్ళకి బాగా అర్థమవుతుంది. డబ్ల్యూఎన్‌బీఏ ఆటలు ఎండాకాలంలోనే. ఆడవాళ్ళకి ఇచ్చే జీతం మగవాళ్ళ లీగ్ పక్కన చిల్లర. అందుకని చలికాలమంతా యూరప్‌లో ఆడాలి. వేసవిలో యూటా, చలికాలంలో పోలండ్‌లోని గ్డీనియా. ఆ గ్డీనియా జట్టుతో యూరోలీగ్ ఫైనల్ దాకా రెండుసార్లు, 2002లో, 2004లో వెళ్ళింది. మధ్యలో 1999లో సొంతగడ్డ మీద జరిగిన యూరప్ ఛాంపియన్‌షిప్‌ని పోలండ్ గెలిచింది, 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ఆడింది. యూటా జట్టు శాన్ ఆంటోనియోకి తరలిపోతే తనూ వెళ్ళింది, అక్కణ్ణించి కనెక్టికట్, చివరికి 2008లో లాస్ ఏంజెలిస్. పదేళ్ళు రెండు సూట్‌కేసుల మధ్య కాపురం. ఆ సూట్‌కేసుల్లో ఆ కొలత బట్టలు ఏ షాపులోనూ అప్పటికప్పుడు దొరికేవి కావు.

ఆమెను తప్పుపట్టినవాళ్ళు కూడా ఉన్నారు. నెమ్మదస్తురాలు, కసి లేదు, అంత ఎత్తుండి తోసుకుంటూ పోదేమిటి అని. నేను పాత ఆటల వీడియోలు చూశాను. నాకైతే ఆ నెమ్మదే నచ్చింది. ఆమె గొప్పతనం బ్లాకుల్లో ఉంది, అంటే అవతలివాళ్ళు బుట్టలోకి వేసిన బంతిని గాల్లోనే చేత్తో ఆపడం. చాలామంది ఎగిరి కొడతారు. ఈవిడ నిలబడి, ఆఖరి క్షణం దాకా ఆగి, చెయ్యి ఎత్తుతుంది. తొందరపడితే ఫౌల్, ఆలస్యమైతే రెండు పాయింట్లు పోయినట్టే. 2001లో ఒర్లాండోతో ఒక్క ఆటలోనే 10 బ్లాకులు వేసింది. డబ్ల్యూఎన్‌బీఏలో మొత్తం 877. పొడుగు పుట్టుకతో వస్తుంది సరే, ఆ ఆగడం ఎక్కణ్ణించి వస్తుంది? పొడుగువాళ్ళకి ఆట వాటంతట అదే వచ్చేస్తుందనేవాళ్ళకి ఈ లెక్క చూపించాలి.

ఆట అయ్యాక ఆస్ట్రేలియాలో స్థిరపడింది. బ్రిస్బేన్‌లో నార్త్‌సైడ్ విజార్డ్స్ అనే క్లబ్‌లో కోచ్‌గా చేరింది. బ్రిస్బేన్‌లో ఉన్న మన తెలుగు అక్కచెల్లెళ్ళు ఎవరైనా ఆ రోజుల్లో సూపర్‌మార్కెట్లో ఆమెని చూసే ఉంటారు, చూస్తే మర్చిపోరు. 2011 మే 19న ఇంట్లో కుప్పకూలింది. గుండె ఆగింది. అప్పుడు కడుపుతో ఉంది, మూడో బిడ్డ. వారం రోజులు కోమాలో ఉంచారు. మే 27న పోయింది. ముప్ఫై ఏడేళ్ళు.

ఈ భాగం పిల్లకి చెప్పనా వద్దా అని ఆలోచించి చెప్పాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పొడుగు వల్లా ఆంటీ?" అంది. మామూలు ఎత్తున్న ఆడవాళ్ళకీ ఇలా జరుగుతుంది, కడుపుతో ఉన్నప్పుడు గుండె మీద భారం ఎవరికైనా ఎక్కువే, అన్నాను. ఊరు కాని ఊళ్ళో, పుట్టింటికి సగం ప్రపంచం దూరంలో, చిన్నపిల్లల్ని పెట్టుకుని ఉన్న ఆడది. నాకు ఆ చివరి వారం తలుచుకుంటే ఆమె ఎత్తు గుర్తురాదు.

డైడెక్‌కి ముందు ఉల్యానా సెమ్యోనోవా ఉంది, లాత్వియా నుంచి సోవియట్ జట్టుకి ఆడింది. ఆవిడా సుమారు ఏడడుగులే. ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976లో. ఆ ఏడూ 1980లోనూ బంగారు పతకం. పద్దెనిమిదేళ్ళు దేశం తరఫున ఆడి అధికారిక అంతర్జాతీయ పోటీల్లో ఒక్క ఆట కూడా ఓడలేదు. చెప్పుల సైజు యూరప్ కొలతలో 58. ఈ అంకె విన్నప్పుడు మా పిల్ల మొదటిసారి పడీపడీ నవ్వింది, తనది 43 మరి. ఇప్పటి మనిషి కావాలంటే చైనాలో జాంగ్ జియూ ఉంది, రెండు మీటర్ల ఇరవై పైన. 2024లో షెన్‌జెన్‌లో జరిగిన పద్దెనిమిదేళ్ళ లోపు ఆసియా కప్ ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 42 పాయింట్లు వేసింది, అయినా చైనా ఓడిపోయింది. ఐదుగురాడే ఆట కదా.

మన దేశంలో లేరా అంటే ఉన్నారు. కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్, ఆరడుగుల రెండంగుళాలు, సదరన్ రైల్వేలో ఉద్యోగం. ఆస్ట్రేలియాలో రింగ్‌వుడ్ హాక్స్‌కి ఆడింది, 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ట్రయల్స్‌కి వెళ్ళింది. ఉత్తరప్రదేశ్ నుంచి పూనమ్ చతుర్వేది, ఆరడుగుల పదకొండంగుళాలు. ఆవిడ ఆట నేర్చుకున్నది భిలాయ్‌లో, రాజేశ్ పటేల్ అనే కోచ్ దగ్గర. భిలాయ్ అంటే మనకి కొత్త ఊరేం కాదు. ఉక్కు ఫ్యాక్టరీ పెట్టిన రోజుల్నించీ శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు అక్కడ బోలెడు. మా అత్తగారి తరఫు వాళ్ళే రెండిళ్ళున్నారు. రైల్వేలు, ఉక్కు ఫ్యాక్టరీలు లేకపోతే మన దేశంలో పొడుగు ఆడపిల్లకి ఆట వల్ల తిండి దొరికేదే కాదు. స్పోర్ట్స్ కోటా అని మనం తేలిగ్గా అనేస్తాం. ఆ కోటాలో ఉద్యోగం రాకపోతే ఈ పిల్లలెవరూ పాతికేళ్ళు దాటాక బంతి ముట్టుకునేవాళ్ళు కారు.

వాళ్ళమ్మకి ఇంకో బెంగ, చీర. చీర పన్నా నలభై అయిదు, నలభై ఎనిమిది అంగుళాలు మించి రాదు, కట్టుకుంటే చీలమండలు కనబడతాయి. దీనికి మాత్రం మన దగ్గర ఉపాయముంది. కింద అంచుకి పాత పట్టుచీర జరీ అంచు నాలుగంగుళాలు జతచేయించడమే. లిటిల్ ఇండియాలో కుట్టేవాళ్ళున్నారు. చూసినవాళ్ళు కొత్త ఫ్యాషన్ అనుకుంటారు, ఎక్కడ కొన్నావని అడుగుతారు కూడా. బూట్లకి క్వీన్స్‌వే షాపింగ్ సెంటర్‌కి వెళ్ళి, ఆడవాళ్ళ అరల వైపు చూడకుండా నేరుగా మగవాళ్ళ అరల్లో వెతుక్కోవాలి.

పాయా లేబర్ నుంచి సర్కిల్ లైనులో మూడే స్టేషన్లు. డకోటా, మౌంట్‌బాటెన్, స్టేడియం. డకోటా అన్నది కూడా విమానం పేరే, కలాంగ్‌లో ఎయిర్‌పోర్టు ఉన్న కాలం నుంచి మిగిలింది. స్టేడియంలో దిగితే స్పోర్ట్స్ హబ్. 2022 నుంచి 2025 దాకా వరసగా నాలుగేళ్ళు ముగ్గురేసి ఆడే త్రీ బై త్రీ బాస్కెట్‌బాల్ ఆసియా కప్ అక్కడే జరిగింది. సగం కోర్టు, ఒక్కటే బుట్ట, పది నిమిషాలు, ముందు 21 పాయింట్లు కొట్టినవాళ్ళు గెలిచినట్టు. ఆట తెలియనివాళ్ళకి కూడా విసుగు రాదు. సింగపూర్ వస్తే, ఏదైనా పోటీ జరుగుతుంటే, పిల్లల్ని తీసుకెళ్ళండి. ఆట అయ్యాక ఆటగత్తెలు నడుచుకుంటూ రైలు స్టేషన్ వైపే వస్తారు, తలుపు దగ్గర కాస్త వంగి ఎక్కుతారు.

పిల్ల ఆట మానలేదు. సెంటర్‌గా ఆడుతోంది. ఎగిరి బ్లాకు వేయబోయి నాలుగు ఫౌళ్ళు చేసిందని మొన్న కోచ్ తిట్టారట. డైడెక్ వీడియో చూసుకుని ఇప్పుడు ఆగడం నేర్చుకుంటోంది. గురువారం ఆటకి వాళ్ళ నానమ్మ కూడా వస్తానన్నారు, మోకాళ్ళు నొప్పి కాబట్టి ముందు వరస కుర్చీ కావాలన్నారు.